రెండు కాళ్ళ పిన్ను

తిరిగి రాకూడదనుకున్న మనిషి పాత నట్టు తీసి పారేసి కొత్తది ఎందుకు వేస్తాడు, వేయడు కదా, అనుకుంటూ ఆమె విమానం సీటు కింద బోర్లా పడుకుని పళ్ళ డాక్టరు అద్దాన్ని కంట్రోల్ కర్ర మొదట్లో ఉన్న బోల్టు వెనక్కి పోనిచ్చింది, బొత్తామంత అద్దం, పొడుగాటి కాడ, ఎంతమంది పుచ్చిపోయిన దంతాలు చూసిందో, ఇప్పుడు నట్లు చూస్తోంది, అందులో నట్టు తలకిందులుగా కనబడింది, దాని లోపలి ప్లాస్టిక్ రింగు ఇంకా కొత్త మెరుపుతోనే ఉంది, ఈ రకం నట్టుని ఒకసారి విప్పితే మళ్ళీ వాడనివ్వడు తన భర్త, రింగు పట్టు సడలిపోతుంది, ఇంజను అదురుకి మెల్లమెల్లగా తిరిగి ఊడొస్తుంది అంటాడు, మొన్న సీటు సర్దడానికి ఈ కర్ర విప్పింది ఆయనే, పాతదే బిగించేసినా అడిగేవాళ్ళు లేరు, అయినా కొత్తది వేశాడు, బోల్టు మరలు నట్టు దాటి ఎంత బయటికి రావాలో అంతే వచ్చాయి, అంటే ఆయనకి తిరిగి రావాలనే ఉంది, ఉండాలి, ఉందా, నట్టుని చూసి మొగుడి మనసు చెప్పగలిగితే ఇన్నేళ్ళ కాపురం దేనికి, ముఖం చూసి చెప్పలేకపోయింది కనకనే కదా ఇలా నట్ల దగ్గరికి వచ్చింది, మా ఆయన విమానం కడుతున్నాడని చెప్పినప్పుడల్లా అందరూ పిల్లలు ఎగరేసే బొమ్మ అనుకునేవాళ్ళు, ఇంటి పక్క షెడ్డులో రేకుకి రేకు అతికించి, రివెట్టు మీద రివెట్టు కొట్టి, ఊళ్ళోవాళ్ళ పళ్ళు పీకే మనిషి నిజంగానే ఇద్దరు కూర్చునే విమానం కట్టాడు, దాన్ని విడగొట్టి లారీలో తెచ్చి ఈ మైదానం చివర షెడ్డులో మళ్ళీ కలిపాడు, ఇవాళ అది మొదటిసారి గాల్లోకి లేస్తుంది, మొదటిసారి ఒక్కరే వెళ్ళాలి, పక్క సీటు ఖాళీగా ఉండాలి, అది నియమం, ఆ ఒక్కరూ ఆయనే, ఆ వెళ్ళడం తిరిగి రావడానికేనా అన్నది మాత్రం పొద్దుట్నుంచీ ఆమెకి తేలడం లేదు.

ఎందుకంటే ఇల్లంతా సర్దేస్తున్నాడు ఆయన, ముందు కారుతున్న కుళాయిలు, ఆ తర్వాత డాబా మీదికి వెళ్ళే తలుపుకి కొత్త తాళం, దాని చెవి ఎక్కడ పెట్టాడో చెప్పడు, అడిగితే ఉందిలే, నాకు తెలుసులే అంటాడు, స్నానాలగది లోపలి గడియ తుప్పు పట్టిందని ఊడదీశాడు, ఊడదీసినవాడు కొత్తది పెట్టలేదు, ఏమండీ గడియ అంటే, ఇంట్లో ఉన్నది ఇద్దరం, ఎవర్ని చూసి గడియ పెట్టుకుంటావ్ అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, కళ్ళు నవ్వలేదు, ఈ వయసులో ఆమెకి స్కూటరు నేర్పాడు, వెనక కూర్చుని భుజం పట్టుకుని, చూపు దగ్గర పెట్టుకోకు, దూరంగా పెట్టు అని అరుస్తూ, నేను లేనప్పుడు ఇన్వర్టర్లో నీళ్ళు చూస్తుండు అన్నాడు ఒకరోజు, నేను లేనప్పుడు, ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో అంత గట్టిగా తగిలింది, మధ్యాహ్నం రోగుల్ని కుర్ర డాక్టరుకి అప్పగించి ఇంటికి తిండికి వస్తున్నాడు, తినేటప్పుడు కంచం వంక చూడడు, ఆమె ముఖం వంకే చూస్తాడు, కంఠతా పట్టుకుంటున్నట్టు, మర్చిపోకుండా తీసుకెళ్ళాలన్నట్టు, మనిషి పోయే ముందు అలాగే చూస్తాడట, ఎవరన్నారో గుర్తులేదు, ఎవరో అనే ఉంటారు, ఈ ఏడాదిన్నరలో ఓదార్చడానికి వచ్చినవాళ్ళు అనని మాట ఏముంది కనక, ఆడపడుచు రోజూ ఫోన్ చేస్తుంది, వదినా తిన్నావా, ఏం తిన్నావ్, తిన్నాను తిన్నాను అంటావు గానీ ఏం తిన్నావో చెప్పవేం, సరే, మా అన్నయ్యకైతే పిచ్చి, నువ్వన్నా చెప్పొచ్చుగా, హాయిగా పళ్ళు పీక్కోక గాల్లోకి ఎగరడమేంటి, అందుకు తను, మీ అన్నయ్య నా మాట ఎప్పుడు విన్నాడు గనక, అక్కడితో నవ్వేస్తుందనుకుంది, అది నవ్వలేదు, అన్నయ్య సంగతి అలా ఉంచు, నువ్వెలా ఉన్నావ్ వదినా, నిజం చెప్పు, అంది, బట్టలు ఆరేయాలి ఉంటాను అని పెట్టేసింది తను, ఆరేయాల్సిన బట్టలేవీ లేవు, అప్పటికే ఆరి మడతపెట్టి ఉన్నాయి.

చెల్లెమ్మా, సీటు కింద కాపురం పెట్టేశావా ఏంటి, అని కెప్టెన్ గొంతు, ఆయన ఒకప్పుడు పెద్ద విమానాలు నడిపి రిటైరైన మనిషి, బట్టతల, బాన పొట్ట, తన భర్తకి ఎగరడం నేర్పింది ఆయనే, గాలి పడిపోయింది, ఎండెక్కితే మళ్ళీ లేస్తుంది, ఈలోపు కానిస్తే మంచిది, అన్నాడు, దాన్ని తొందరపెట్టకండి కెప్టెన్ గారూ, బియ్యంలో రాళ్ళేరినట్టు చూస్తుంది, అని భర్త, అలాగా, మరి పెళ్ళికి ముందు నీ పళ్ళు అలాగే చూసిందా, అని కెప్టెన్, చూసుంటే నాకు పెళ్ళే అయ్యేది కాదు, ఇద్దరూ నవ్వారు, ప్లాస్కు మూత తిప్పిన చప్పుడు, టీ కప్పులోకి పడుతున్న చప్పుడు, ఎంత మామూలుగా ఉన్నాయి గొంతులు, చావబోయే మనిషి జోకులు వేయడని ఎక్కడుంది, ఆసుపత్రిలో తమ పిల్ల, బుడంకాయ, వేయలేదా, సూది గుచ్చే నర్సుతో, సిస్టర్, మా నాన్న చేతిలో సూది చూస్తే ఊరంతా పారిపోతారు, మీరు నయం, అనలేదా, వద్దు, ఇప్పుడు అది వద్దు, ఇప్పుడు నట్లు, కుడి పెడలు, ఎడమ పెడలు, తీగ చివర కళ్ళెంలాంటి కొక్కెం, పిన్ను ఉంది, ఈ పక్కదీ ఉంది, అయిందండీ ఇక్కడ, రెక్కల కిందికి వెళ్తున్నా, అంది, తన గొంతు కూడా మామూలుగానే ఉంది, అదే వింతగా ఉంది, రెక్కలు నేనూ చూశాను చెల్లెమ్మా, మరోసారి చూస్తే తప్పులేదు, తోక ఒక్కటే నా వల్ల కాలేదు, ఈ పొట్టతో అందులో దూరితే తల ప్రాణం తోకకొస్తుంది, బయట్నుంచి అద్దంతో చూశాను, రంగు గీతలన్నీ ఉన్నాయి, గీత ఉంటే పిన్ను పెట్టినట్టే, అయినా నువ్వోసారి లోపలికెళ్ళి చూడు, అన్నాడు, సరే అన్నయ్యగారూ, తోక చివర్న చూస్తాను, ఎందుకు చివర్న అని ఆయన అడగలేదు, తనూ తనని తాను అడగలేదు.

రెక్క కింద చాప పరుచుకుని వెల్లకిలా పడుకుంటే అరచేతంత మూత తీసిన కంతలోంచి రెక్క కడుపు కనబడుతుంది, అల్యూమినియం వాసన, కాస్త నూనె వాసన, అడ్డంగా పోయే రాడ్డు, దాని చివర గుండులాంటి బేరింగు, దానికి ఆనించి పెద్ద వాషరు, ఆ గుండు విరిగినా రాడ్డు బోల్టుని వదిలి పోకుండా ఆ వాషరు అడ్డుపడుతుంది, ఎప్పటికో, ఏ వందోసారికో వచ్చే ముప్పుకి ఇప్పుడే అడ్డం పెట్టినవాడు తిరిగి రాకూడదనుకుంటాడా, ఇదీ సాక్ష్యమే, ఇదీ ఆయన వైపే చెబుతోంది, ఊపిరి కాస్త కిందికి దిగింది, ఆ పక్కనే కిరీటంలా చుట్టూ గాట్లున్న నట్టు, నాన్నా చూశావా, నీ నట్టుకి కూడా పళ్ళున్నాయి, ఏదైనా పుచ్చిందేమో చూడు, అది బుడంకాయ గొంతే, ఇక్కడే, ఈ రెక్క పక్కనే, రెండు జడలూ మెడ చుట్టూ చుట్టుకుని నేల మీద దొర్లుతూ, కాలేజీ నుంచి వచ్చీ రాగానే పుస్తకాలు అటు గిరాటేసి షెడ్డులోకి పరుగెత్తేది, ఈ విమానం అసలు దాని గొడవే, నాన్నా మనం ఒకటి కడదాం అంది ఒకరోజు, గూడు కడదాం అన్నంత తేలిగ్గా, ఈయన సరే అన్నాడు, అది అడిగితే సముద్రం కొనమన్నా సరే అనేవాడు, కదిలే చోట నట్టు గట్టిగా బిగించకూడదు అమ్మా, అని తనకి పాఠం చెప్పేది, గట్టిగా బిగిస్తే కీలు పట్టేస్తుంది, అందుకని వదులుగానే ఉంచాలి, మరి వదులుగా ఉంటే ఊడిపోదా అన్నావనుకో, దానికే ఈ పిన్ను, బోల్టు కంతలోంచి, నట్టు గాట్లలోంచి దూర్చి ఒక కాలు పైకి వంచాలి, ఒక కాలు కిందికి వంచాలి, వ్యాయామం చేసే ముసలాడిలా, ఇంక నట్టు ఎటూ తిరగలేదు, బిగించేది నాన్న, పిన్ను పెట్టేది నేను, ఎందుకో తెలుసా, ఒక్కరే రెండూ చేస్తే రెండూ చేశామనుకుని ఒకటే చేస్తారు, పిన్ను పెట్టాక దాని మీద గోళ్ళరంగుతో ఒక గీత, నారింజ రంగు, దాని సొంత సీసా, దాని గీతలు లావుగా, చివర బొట్టుకట్టి, ఓపిక లేని పిల్ల గీతలు, ఇదిగో ఇది, ఇది కూడా, ఒక్కటి తప్పు లేదు, కాళ్ళు రెండూ చక్కగా వంగి ఉన్నాయి, బల్ల మీద తడి గ్లాసు పెడుతుందని, దువ్వెనలో వెంట్రుకలు తీయదని, దీపం ఆర్పదని రోజంతా తిట్టేది తను, ఇంత పద్ధతిగా కూడా చేసేదా ఇది, ఎవరికోసం దాచుకుంది ఇదంతా, చూపుడువేలితో ఆ బొట్టుని తాకింది, గట్టిగా ఉంది, ఎండి ఎన్నాళ్ళయిందో.

జ్వరమే అన్నారు, అందరికీ వస్తోంది అన్నారు, మాత్ర వేసి పడుకోబెట్టింది తను, అది ఐస్ నీళ్ళు అడిగింది, వద్దంది, ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు కూడా దారిలో, అమ్మా ఆ ఎడమ రెక్క చివరి పిన్ను మిగిలింది, నాన్న పెట్టేస్తాడేమో, పెట్టొద్దని చెప్పు, అంది, పెట్టడులేవే అంది తను, అంతే, ఆ పిన్ను దానికోసం చాలా కాలం అలాగే ఉండిపోయింది, దినాలు గడిచి, వచ్చినవాళ్ళు వెళ్ళి, తెచ్చిన గిన్నెలు ఎవరివి వాళ్ళకి చేరి, ఇల్లు ఖాళీ అయ్యాక ఒక పొద్దున షెడ్డు తలుపు తీసిన చప్పుడు, వెళ్ళి చూస్తే ఆయన ఆ నట్టు ముందు నిలబడి ఉన్నాడు, పట్టకారు ఒక చేతిలో, గోళ్ళరంగు సీసా ఒక చేతిలో, ఏడవడం లేదు, చేతులు మాత్రం ఏం చేయాలో తెలియనట్టు ఉన్నాయి, తనని చూసి, నేను బిగించాను, నేనే పిన్ను పెట్టకూడదు కదా, అన్నాడు, నువ్వు పెట్టు, అన్నాడు, తను పెట్టింది, అలా మొదలైంది, రెక్కల దాకా పిల్ల, అక్కణ్ణుంచి తోక చివరిదాకా తల్లి, నట్లన్నీ ఆయనవి, పిన్నులన్నీ తనవి, సీసాలో రంగు చిక్కబడితే కాస్త రంగు తుడిచే మందు కలిపి పలచన చేసింది గానీ కొత్త సీసా కొననివ్వలేదు, తన గీతలు సన్నగా, కాటుక దిద్దినట్టు తిన్నగా ఉంటాయి, ఎవరు చూసినా ఏ గీత ఎవరిదో చెప్పగలరు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి పని మారిన చోట విమానం మీద అతుకేమీ లేదు, కానీ ఆమెకి తెలుసు, ఆ పిన్ను దాటాక లోకం ఇంకొకటి.

ఇక తోక ఒక్కటే మిగిలింది, సామాన్ల అర వెనక పలక తీసేసి, తలకి దీపం కట్టుకుని, చేతులు ముందుకు చాపి లోపలికి పాకింది, నువ్వు కాబట్టి దూరావు చెల్లెమ్మా, ఇంకా చిక్కిపోయినట్టున్నావ్, అని వెనక నుంచి కెప్టెన్, ఆ మాటకి భర్త ప్లాస్కు మూత గట్టిగా బిగించిన చప్పుడు, లోపల చేప కడుపులో ఉన్నట్టు, పక్కటెముకల్లా వరసగా అల్యూమినియం చట్రాలు, పోనుపోను చిన్నవవుతూ, మోచేతుల కింద చల్లగా, తన ఊపిరి తనకే పెద్దగా, బయటి మాటలు నీళ్ళ కింద నుంచి వింటున్నట్టు, ఇక్కడ ఎంత బాగుంటుందో, ఈ మాట ఎవరితోనూ అనలేదు గానీ ఇక్కడికి దూరినప్పుడల్లా బయటికి రావాలనిపించేది కాదు, ఎవరూ తిన్నావా అని అడగరు, ఎవరూ జాలిగా చూడరు, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళిపోయినట్టు ఉంటుంది, తోకని పక్కలకి తిప్పే తీగలు రెండూ బిగుతుగా ఉన్నాయి, వాటిని కలిపే మరల చుట్టూ సన్నటి ఇనప తీగ, తోకకి పైరేకు మూయకముందు ఆయన చుట్టింది, జడ అల్లినట్టు సమంగా, కొస గుచ్చుకోకుండా లోపలికి మడిచి, కొస కూడా మడిచాడు చూడు, ఎవరి వేలికి గుచ్చుకుంటుందని, లోపలికి దూరేది తనొక్కతే కదా, తన వేలికనే కదా, వస్తాడు, ఈయన తిరిగి వస్తాడు, ఇంకొక్క బోల్టు, తోక రెక్కని పైకీ కిందికీ ఆడించే రాడ్డు వచ్చి కలిసే చోటు, విమానం ముక్కు లేవాలన్నా దిగాలన్నా ఈ ఒక్క బోల్టు మీదే ఉంది, ఇది జారిపోతే చేతిలో కర్ర ఉంటుంది, అటూ ఇటూ ఊగుతుంది, దాని మాట వినేది ఏదీ ఉండదు, దీపం అటు తిప్పింది, గీత ఉంది, నారింజ గీత, చేయి చాపి చూపుడువేలి గోరుతో నట్టుని ఊరికే అలా నెట్టింది, నట్టు తిరిగింది.

తిరిగింది, మళ్ళీ నెట్టింది, మళ్ళీ తిరిగింది, గీత రెండు ముక్కలై పక్కకి జరిగింది, అద్దం అవతలి వైపు పెట్టింది, బోల్టు కంత ఖాళీగా, ఆవలి వెలుతురు కనబడేంత ఖాళీగా ఉంది, పిన్ను లేదు, దొరికాడు, అన్నది మనసు ముందు, దొరికాడు, ఇదన్నమాట, అన్నీ కొత్తవి వేసి, అన్నీ సమంగా చుట్టి, ఎవరూ దూరలేని చోట ఈ ఒక్కటీ ఖాళీగా ఉంచాడు, కొన్ని నిమిషాల అదురుకి నట్టు తిరిగి తిరిగి రాలిపోతుంది, బోల్టు జారుతుంది, ప్రమాదం అంటారు, పాపం అంటారు, నన్నొదిలేసి దాని దగ్గరికి ఒక్కడివే పోదామనుకున్నావా, అంత స్వార్థమా, నాకు చెప్పకుండా, నన్నెందుకు, నన్నెందుకు తీసుకెళ్ళవు, అన్న మాట దగ్గర మనసు కాలు జారినట్టు ఆగింది, ఏమన్నావ్, ఇప్పుడేమన్నావ్, నన్నెందుకు తీసుకెళ్ళవు, దీపం వెలుగు గీత మీద పడింది, సన్నటి గీత, తిన్నని గీత, కాటుక దిద్దినట్టు, ఆయన పిన్నులు పెట్టడు, ఆయన ఎప్పుడూ ఒక్క పిన్ను కూడా పెట్టలేదు, పిన్నులన్నీ తనవి, ఈ గీత తనది.

గుర్తు రాకూడదు అనుకునేలోపే వచ్చేసింది, ఇంటి షెడ్డులో ఒక సాయంత్రం, ఆయన అప్పటికింకా రేకు మూయని పక్క నుంచి చేయి పెట్టి ఈ నట్టు తిప్పి, క్లినిక్ నుంచి ఫోను వస్తే మాట్లాడుతూ గేటు దాకా వెళ్ళాడు, తను లోపలే ఉంది, పిన్ను పెదవుల మధ్య పట్టుకుని, రోడ్డు మీద సైకిళ్ళ మీద కాలేజీ పిల్లలు పోతున్నారు, వాళ్ళలో ఎవరో పిల్ల నవ్వింది, బుడంకాయ నవ్వే, ముక్కుతో మొదలై గొంతులోకి జారే ఆ నవ్వు, ఊపిరి బిగబట్టి విన్నది, సైకిళ్ళు వెళ్ళిపోయాయి, నవ్వు వాటితో పోయింది, రోడ్డు చివరిదాకా పోయింది, ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో ఈ నట్టుని చూస్తూ ఉండిపోయింది, కొన్నాళ్ళు నేనొక్కణ్ణే తిప్పి చూస్తాను, తర్వాత మొట్టమొదట నిన్నే ఎక్కిస్తాను అన్నాడు కదా ఆయన, ఇద్దరం పైనుంటాం, పక్కపక్కనే, అప్పుడు ఇది మెల్లగా, ఎవరూ ఏమీ నిశ్చయించుకోనక్కర్లేకుండా, ఎవరూ ఎవర్నీ వదిలిపోకుండా, తర్వాత ఎవరికీ ఫోన్ చేసి చెప్పాల్సిన పని లేకుండా, అన్న ఆలోచన వచ్చింది, అది ఆలోచనలా రాలేదు, చలిలో ఎవరో దుప్పటి కప్పినట్టు వచ్చింది, గీత గీసింది చేయి, ఆ ఆలోచనకి ముందు గీసిందా తర్వాత గీసిందా తెలియదు, ఎంత తవ్వినా తెలియదు, మర్చిపోయానేమో, నవ్వు విని మర్చిపోయానేమో, ఎవరైనా మర్చిపోతారు, కానీ ఆ రాత్రి తనకి ఆకలేసింది, అన్ని నెలల తర్వాత మొదటిసారి, మారు వడ్డించుకుని తింది, ఆయన సంతోషపడ్డాడు, మర్నాడు ఉతికే బట్టల్లోంచి ఒక పిన్ను రాలి టంగుమంది, వంగి తీసి చెత్తబుట్టలో వేసింది, ఇది ఎక్కడిదీ అని ఒక్కసారైనా అనుకోలేదు, పోయిన బొత్తాం కోసం ఇల్లంతా ఊడ్చి వెతికే మనిషి, ఒక్కసారైనా అనుకోలేదు, మరి ఆయన ముందు ఒక్కడే వెళ్తాడని మర్చిపోయిందా, అదెలా మర్చిపోయింది, తోక చివర్న చూస్తానని అన్నది ఎందుకు, ఎండెక్కుతోందని కెప్టెన్ ఇంకాస్త గట్టిగా తొందరపెట్టి ఉంటే, గీతలున్నాయిగా అన్నయ్యగారూ, చాలులెండి, అని ఉండేదేమో తను, అని ఉండేదా.

జేబులో పిన్నుల పొట్లం ఉంది, పట్టకారు ఉంది, నట్టు గాట్లు కంతకి ఎదురుగా వచ్చేదాకా తిప్పి, పిన్ను దూర్చి, ఒక కాలు పైకి వంచింది, ఒక కాలు కిందికి వంచి నొక్కింది, గోరుతో నెట్టి చూసింది, నట్టు కదల్లేదు, ఎంతసేపు పట్టింది, ఎంతోసేపు పట్టలేదు, ఇంతే పని, ఏమే, అన్నీ ఉన్నాయా, అని బయట్నుంచి ఆయన, గొంతు మామూలుగానే ఉంది, మామూలుగా ఉంచుకున్న గొంతు అని ఇప్పుడు వినిపిస్తోంది, ఉన్నాయండీ అంటే చాలు, అబద్ధం కూడా కాదు, ఇప్పుడు ఉన్నాయి, ఎవరికీ ఎప్పటికీ తెలియదు, ఆయన వెళ్తాడు, పైన రెండు చుట్లు చుట్టి దిగుతాడు, దిగుతాడు, అందులో ఎప్పుడూ అనుమానం లేదు, చావాలనుకున్న మనిషి పెళ్ళాం బాత్రూం గడియ ఎందుకు ఊడదీస్తాడు, డాబా తలుపుకి తాళం ఎవరికోసం వేస్తాడు, మధ్యాహ్నాలు పనొదిలేసి వచ్చి ఎదురుగా కూర్చుని ఎవరి ముఖం చూస్తున్నాడు, వదినా నువ్వెలా ఉన్నావని చెల్లెలి చేత రోజూ ఎవరు అడిగిస్తున్నారు, ఇల్లంతా ఆయన తిరుగుతూ ఒక్కొక్కటే బిగిస్తూ వచ్చాడు, ఈ మనిషి ఎక్కడ జారిపోతుందోనని, ఒక్కమాట పైకి అనలేక, అంటే అది నిజమైపోతుందని కాబోలు, ఒక్క ఈ తోక లోపలికి మాత్రం రాలేకపోయాడు, ఇక్కడికి తనొక్కతే వస్తుంది, పాపం, అనుకుంది, ఎవర్ని, తెలియలేదు.

ఏమే, వినబడుతోందా, మళ్ళీ అడిగాడు, ఉన్నాయండీ అని నోరు తెరిచింది, ఆ మాట నాలుక మీదికి వచ్చింది, దాని వెనకాలే సాయంత్రం కనబడింది, ఆయన దిగి, కెప్టెన్ భుజం తట్టి, టీలు తాగి, ఇంటికి వెళ్ళి, ఆయన స్నానానికి వెళ్తే వంటింట్లో తను, పైన ఏదో ఒక తాళం, దానికి ఎక్కడో ఒక చెవి, రేపు, ఎల్లుండి, ఇలాగే చలిలో దుప్పటి కప్పినట్టు ఇంకో ఆలోచన, చేయి తన పని తను చేసుకుపోతుంది, తనకి చెప్పదు, ఆయన ఎన్నని బిగిస్తాడు, పిన్ను పెట్టేశానండీ, అంది, గొంతు ఎవరిదో లాగుంది, ఇందాకటిదాకా లేదు, నేను పెట్టలేదు, మర్చిపోయి కాదేమో, నాకు తెలియట్లేదు, ఇవాళ ఎగరకండి, విమానం బాగానే ఉంది, నేనే బాగా లేను, నన్నెవరికన్నా చూపించండి, ఇంట్లో ఒక్కదాన్నే వదలకండి, నాకు నా దగ్గర ఉండాలంటే భయంగా ఉంది, బయట కప్పు కింద పెట్టిన చప్పుడు, తర్వాత భర్త లోపలికి తోసుకొస్తున్నాడు, భుజాలు చట్రానికి తగిలి ఇరుక్కున్నాయి, అంతకన్నా రాలేడు, చేయి ఒక్కటి ముందుకొచ్చి తడుముకుంటూ ఆమె మడమ దొరకబుచ్చుకుంది, పట్టుకుంది, అలాగే ఉండిపోయింది, చెంప కింద రేకు చల్లగా ఉంది, పొద్దుట్నుంచీ నట్టు నట్టుకీ వెతికిన మనిషి తనే, తిరిగి రాకూడదనుకున్నది తనే, బుడంకాయ రాదు, ఏ తలుపు తీసినా రాదు, అది లేని రోజులు ఇంకా ఎన్నో ఉన్నాయి, అవి గడవాలి, ఒక్కతే అయితే మాత్రం తన వల్ల కాదు.